పాత గాజు తొట్టి – చలిదేశపు చిట్టి జంతువు

పెద్ద పట్నాలలోని పెంపుడు జంతువుల దుకాణాలలో అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న జంతువును మీలో కొందరు చూసే ఉంటారు. బొద్దుగా, మెత్తటి బొచ్చుతో, నల్లపూసల్లాంటి కళ్ళతో, తోక ఉందో లేదో తెలియనట్టుగా ఉంటుంది. అదే పొట్టిజాతి హామ్‌స్టర్. హైదరాబాదు వెళ్ళివచ్చేటప్పుడు దానిని చిన్న పంజరంలో పెట్టి తెచ్చి పిల్లలకు కానుకగా ఇచ్చే పెద్దలూ ఉన్నారు.

మరోపక్క, చేపలు పెంచి పెంచి విసిగిన ఇళ్ళలో అక్వేరియం తొట్టి సజ్జ మీదకు ఎక్కి దుమ్ము పట్టి ఉంటుంది. అది కారుతున్నదంటే పాతసామాన్ల అంగడికి తక్కువ ధరకే చేరుతుంది. ఆ గాజు తొట్టిలో హామ్‌స్టర్‌ను పెంచవచ్చునా? పెంచవచ్చు. అయితే అందుకు మీరు తరగతిలో చదివే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ కావాలి. అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది: ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు వేసవిని ఆ చలిదేశపు జంతువు తట్టుకోగలదా? దీనికి జవాబు ప్రతి ఇంటికీ వేరుగా ఉంటుంది. కాబట్టి జంతువు రాకముందే తొట్టిని సిద్ధం చేసి, కొలిచి చూసి, ఆ తరువాతే నిర్ణయించుకోవాలి. ఆ క్రమాన్నే ఇక్కడ చెప్పుకుందాం.

ఎక్కడిదీ జంతువు?

ఇళ్ళలో పెంచే పొట్టి హామ్‌స్టర్లలో ముఖ్యంగా మూడు జాతులున్నాయి. మొదటిదానిని 1773లో పీటర్ సైమన్ పల్లాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఇది సైబీరియా, కజకిస్తాన్ గడ్డిమైదానాలది. శీతకాలంలో పగటి పొద్దు తగ్గేకొద్దీ దీని బొచ్చు తెల్లబడి మంచులో కలిసిపోతుంది. రెండవది కాంప్‌బెల్ హామ్‌స్టర్. చార్లెస్ విలియం కాంప్‌బెల్ 1902లో మంగోలియా ప్రాంతంలో దీనిని సేకరించగా, 1905లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ ఆయన పేరే దీనికి పెట్టాడు. మూడవది అన్నిటికన్నా చిన్నదైన రోబొరోవ్‌స్కీ హామ్‌స్టర్. దీనికి 1903లో పేరు పెట్టారు. ఇది ఇసుక నేలల నివాసి.

1930లో సిరియాలోని అలెప్పో దగ్గర పట్టి, ప్రయోగశాలల కోసం పెంచిన బంగారు హామ్‌స్టర్ వీటికన్నా పెద్దది. అది వేరే జాతి. దుకాణంలో రెండింటికీ హామ్‌స్టర్ అనే పేరే చెబుతారు కనుక కలగాపులగం కాకుండా చూసుకోవాలి.

పొట్టి హామ్‌స్టర్ బరువు సుమారు 30 నుంచి 50 గ్రాములు. ఆయుర్దాయం ఏడాదిన్నర, రెండేళ్ళు. రోబొరోవ్‌స్కీ జాతి ఇంకొంచెం ఎక్కువ కాలం బ్రతకవచ్చు. పగలంతా బొరియలో నిద్రపోయి సందెవేళ, రాత్రివేళ తిరుగుతుంది. దవడల పక్కనున్న సంచులలో గింజలు నింపుకుపోయి దాచుకుంటుంది. హామ్‌స్టర్ అనే మాట జర్మన్ భాషది. ఆ భాషలో కూడబెట్టి దాచుకోవడాన్ని ఈ జంతువు పేరుతోనే చెబుతారు.

బొరియ, ధాన్యపు కొట్టు అనగానే మన పొలం గట్లలోని పందికొక్కు గుర్తుకు రావడం లేదూ? కోతల తరువాత గట్టు తవ్వితే నిద్రించే గది, వెన్నులు దాచిన గది వేర్వేరుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో వాడే ‘బాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుంచే వెళ్ళింది. హామ్‌స్టర్ ఇల్లు కూడా దాదాపు ఇలాంటిదే. తేడా అంతా ఆ ఇంటి పైనున్న వాతావరణంలో ఉంది. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో మే నెలలో పాదరసం 45 డిగ్రీలను తాకుతుంది. కొన్నేళ్ళలో దాటుతుంది కూడా. ఈ సంగతి గుర్తుంచుకుని ముందుకు సాగుదాం.

తొట్టి ఎంత ఉండాలి?

బజారులో ఎక్కువగా దొరికే చేపల తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు ఉంటుంది. అంటే సుమారు 60 సెం.మీ., 30 సెం.మీ. నేల వైశాల్యం 1,800 చదరపు సెంటీమీటర్లు. ఐరోపాలో జంతు సంక్షేమం చూసే పశువైద్యులు హామ్‌స్టర్‌కు సాధారణంగా చెప్పే కనీస కొలత 100 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు. అంటే 5,000 చదరపు సెంటీమీటర్లు. మన రెండడుగుల తొట్టి అందులో మూడో వంతు దగ్గర ఆగిపోయింది. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న తొట్టి అయితే 120 ని 45 తో హెచ్చవేయగా 5,400 వస్తుంది. కాబట్టి వెదకవలసింది దీనిని.

ఇంత చిన్న ప్రాణికి అంత చోటెందుకు అనిపించవచ్చు. గడ్డిమైదానంలో గింజలు పలచగా దొరుకుతాయి. వాటి కోసం రాత్రంతా తిరిగే శరీరం దానిది. తొట్టిలో గిన్నెనిండా గింజలు పెట్టినా తిరగాలన్న ప్రేరణ పోదు. చోటు చాలకపోతే మూలలు గీకడం, తీగలు కొరకడం మొదలుపెడుతుంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా, కదలడానికి తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో జంతువును ఉంచడాన్ని హింసగానే లెక్కిస్తుంది.

ఒక తొట్టిలో ఒక్కటే హామ్‌స్టర్ ఉండాలి. ‘తోడు లేక దిగులు పడుతుందేమో’ అని రెండింటిని తేవడం పొరపాటు. ఇరుకు చోట అవి గాయాలయ్యేలా పోట్లాడుకుంటాయి. ఆడ, మగ అయితే నెల తిరగకుండానే పిల్లలతో తొట్టి నిండిపోతుంది.

కారే తొట్టి పనికివస్తుందా?

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం. ద్రవంలో లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది. 45 సెం.మీ. లోతు నీరున్న తొట్టి అడుగున ఆ నీటి పీడనం చదరపు మీటరుకు సుమారు 4,400 న్యూటన్లు. పైన సున్నా, అడుగున 4,400 కాబట్టి సగటు 2,200. పొడవాటి గాజు గోడ వైశాల్యం 0.54 చదరపు మీటర్లు. ఈ రెండింటినీ హెచ్చవేస్తే దాదాపు 1,190 న్యూటన్లు వస్తుంది. అంటే ఒక్క గోడను నీరు సుమారు 120 కిలోల బరువుతో బయటకు నెడుతోందన్నమాట! అతుకులలో సూదిమొన అంత సందు ఉన్నా నీరు కారడానికి కారణం ఇదే.

హామ్‌స్టర్ తొట్టిలో నీరు నింపం. కాగితపు పొరలు గోడను నెట్టే బలం లెక్కకు రాదు. అందుచేత చేపలకు పనికిరాని కారే తొట్టి ఈ పనికి చక్కగా సరిపోతుంది, చౌకగానూ దొరుకుతుంది. అయితే కారడం వేరు, పగలడం వేరు. గాజులో వెంట్రుక లాంటి చీలిక ఉంటే ఆ తొట్టి తీసుకోవద్దు. పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి చూస్తే చీలిక మెరుస్తుంది. అంచులు పదునుగా ఉంటే పెద్దల చేత నూరించి టేపు అంటించాలి. మూలల్లో ఉబ్బి వేలాడే సిలికాన్ గమ్మును హామ్‌స్టర్ కొరుకుతుంది కనుక దానిని కూడా పెద్దల చేతనే బ్లేడుతో తీయించాలి. కొత్తగా గమ్ము పెట్టించవలసి వస్తే, ఆరేటప్పుడు వచ్చే వెనిగర్ లాంటి ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం రోజులు, తొట్టిని గాలికి వదిలేయాలి.

శుభ్రం చేయడంలో రసాయనశాస్త్రం

పాత తొట్టి గాజు మీద తెల్లని చారలు కనిపిస్తాయి. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్, నీరు ఆవిరైపోగా కాల్షియం కార్బనేట్‌గా మారి మిగిలిన మచ్చలవి. సబ్బుతో అవి పోవు. ఆమ్లం కావాలి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఏదైనా సరే. వెనిగర్‌లో ముంచిన గుడ్డను మచ్చ మీద పావుగంట ఉంచితే చిన్న చిన్న బుడగలు రావడం చూడవచ్చు. ఆ బుడగలు కార్బన్ డై ఆక్సైడ్.

చేపల జబ్బులకు వాడిన మైలతుత్తం, మాలకైట్ గ్రీన్ వంటి మందులు అడుగున ఉండిపోవచ్చు. తొట్టిని నాలుగైదుసార్లు నీటితో కడగాలి. క్రిములు పోవడానికి పలచని బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, మళ్ళీ కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది: వెనిగర్‌నూ బ్లీచింగ్‌నూ ఒకేసారి వాడకూడదు. ఆమ్లం తగిలితే బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వెలువడుతుంది. 1915లో మొదటి ప్రపంచయుద్ధంలో ఈప్ర దగ్గర సైనికుల మీదకు వదిలిన విషవాయువు అదే. ఒకరోజు ఆమ్లంతో పని ముగించి, బాగా కడిగి, మరునాడు బ్లీచింగ్ పట్టుకోండి. అదీ ఆరుబయట, పెద్దల సమక్షంలో. రెండవది: మరిగే నీళ్ళు పోయవద్దు. గాజు మంచి ఉష్ణవాహకం కాదు. లోపలి ముఖం వేడెక్కి వ్యాకోచిస్తుంటే బయటి ముఖం చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకు గాజు పగులుతుంది.

మూత: గాలి, చీమలు, పాములు

చేపల తొట్టికి వచ్చే ప్లాస్టిక్ మూతను, అందులోని దీపాన్ని తీసివేయండి. మూత గాలి ఆడనివ్వదు. దీపం వేడి చేస్తుంది. చట్రానికి బిగించిన ఇనుప జాలీ పై భాగమంతటికీ ఉండాలి. జాలీ కన్ను అర సెంటీమీటరు మించకూడదు. పొట్టి హామ్‌స్టర్ తల పట్టే సందులోంచి ఒళ్ళంతా దూరుస్తుంది. ప్లాస్టిక్ జాలీని ఒక్కరాత్రిలో కొరికి పారేస్తుంది. ఎందుకంటే ఎలుక జాతి జంతువుల ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నాలుగువైపులా గాజే ఉన్న తొట్టిలో గాలి పైనుంచే మారాలి కనుక తొట్టి ఎత్తు దాని వెడల్పును మించకుండా ఉండటం మంచిది. మనం చెప్పుకున్న తొట్టి వెడల్పు 45 సెం.మీ., ఎత్తు 45 సెం.మీ. సరిపోయింది.

పాల్వంచ, అశ్వాపురం, బూర్గంపాడు, దుమ్ముగూడెం వంటి అడవి అంచు ఊళ్ళలో మూతకు ఇంకొక పని ఉంది. గింజలు నేల మీద చిందితే ఎలుకలు వస్తాయి. ఎలుకల వెంట జెర్రిపోతు, నాగుపాము వస్తాయి. పాము నాలుక చాపి గాలిలోని వాసన కణాలను పట్టి, నోటి పైభాగంలోని జాకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. తొట్టిలోని జంతువు వాసనా దానికి తెలుస్తుంది. కాబట్టి మూతకు కొక్కెం ఉండాలి. తొట్టి చుట్టూ రోజూ ఊడవాలి. గింజల డబ్బాకు బిగుతైన మూత పెట్టాలి. తొట్టి ఉన్న గదిలో నేల మీద పడుకోవద్దు.

చీమల సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. పాలు, మిఠాయి ఉంచే బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడతాం కదా! తొట్టి బల్లకూ అదే చేయండి. దోమలు పుట్టకుండా రెండు రోజులకొకసారి ఆ నీరు మార్చండి.

బొరియ తవ్వుకోవడానికి మెత్తటి పొర

హామ్‌స్టర్‌కు పరుపు అంటే పడుకునే గుడ్డ కాదు, తవ్వుకునే నేల. ఒక చివర 25 సెం.మీ. మందంగా వేసి, రెండో చివరకు 8 సెం.మీ.కు దిగేలా వాలుగా పరవాలి. దేనితో పరవాలి?

మన దగ్గర సులువుగా దొరికేవి వడ్ల ఊక, రంపపు పొట్టు. రెండూ పనికిరావు. ఊకలో సిలికా ఎక్కువ. గరుకు అంచులు, సన్నని దుమ్ము కళ్ళకూ ఊపిరితిత్తులకూ హాని. కోతమిల్లు పొట్టులో టేకు పొట్టు కలిసే ఉంటుంది. టేకును చెదపురుగుల నుంచి కాపాడే రసాయనాలే చర్మానికీ శ్వాసనాళానికీ మంట పుట్టిస్తాయి.

అన్నిటికన్నా మంచిది అచ్చు పడని తెల్లకాగితం. ఏడాది చివర మిగిలిపోయిన నోటుపుస్తకాల ఖాళీ పేజీలను సన్నని పేలికలుగా చింపితే చాలు. కాగితం అంటే కర్రలోని సెల్యులోజ్ నారలే. భద్రాచలానికి ఎదుట, గోదావరి ఒడ్డున సారపాకలో 1979 నుంచి నడుస్తున్న ఐటీసీ కర్మాగారంలో మన రైతులు పండించిన సుబాబుల్, జామాయిల్ కర్ర నుంచే కాగితం, అట్ట తయారవుతున్నాయి. నారల మధ్యనున్న సన్నని సందులలోకి కేశనాళికీయత వల్ల తేమ ఎక్కుతుంది. అందుకే కాగితం మూత్రాన్ని త్వరగా పీల్చుకుంటుంది. కాగితం ఒక్కటే అయితే సొరంగం కూలిపోతుంది. బాగా ఎండిన మెత్తటి గడ్డిని పొరలు పొరలుగా మధ్యలో వేస్తే, మట్టిగోడకు గడ్డి కలిపినట్టు, సొరంగం నిలుస్తుంది. గడ్డిని ముందు పలచగా పరచి రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఉంచండి.

పలచగా ఉన్న చివర మూడు వస్తువులు పెట్టండి. ఒకటి, 16 నుంచి 20 సెం.మీ. వ్యాసం ఉన్న చక్రం. దాని నడక భాగం చువ్వలు లేకుండా పలకలా ఉండాలి. చువ్వల సందులలో కాళ్ళు ఇరుక్కుంటాయి. రెండు, ఇసుక పళ్ళెం. హామ్‌స్టర్ ఇసుకలో దొర్లి బొచ్చులోని జిడ్డు వదిలించుకుంటుంది. గుప్పెడు గోదావరి ఇసుకను జల్లించి, నీరు తేటగా వచ్చేదాకా కడిగి, మూకుడులో వేయించి చల్లార్చితే చక్కగా సరిపోతుంది. మూడు, నీళ్ళ సీసా, లేక పొర్లిపోని చిన్న మట్టి మూకుడు. బరువైన వస్తువు ఏదైనా తొట్టి అడుగుకు ఆనాలి. కాగితం మీద పెడితే దానికింద సొరంగం తవ్వినప్పుడు కూలి జంతువును నలిపేస్తుంది.

ఆహారం గురించి ఒక్కమాట. కొర్రలు, సామలు, సజ్జలు, జొన్నలు కలిపి రోజుకు ఒక చెంచాడు, అప్పుడప్పుడు పెసర మొలకలు, ఉడికిన గుడ్డు చిన్న ముక్క చాలు. గింజలను పరుపులో చల్లితే వెదుక్కుని తింటుంది. పొట్టి హామ్‌స్టర్లకు మధుమేహం వచ్చే అవకాశం ఉంది కనుక బెల్లం, బిస్కెట్లు, తియ్యటి పండ్లు వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు.

ముక్కు చెప్పని సంగతి లిట్మస్ చెబుతుంది

మూత్రంలో యూరియా ఉంటుంది. బాక్టీరియాలోని యూరియేజ్ అనే ఎంజైము యూరియాను నీటితో కలిపి విడగొడుతుంది. ఒక్కొక్క యూరియా అణువు నుంచి రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డై ఆక్సైడ్ అణువు వస్తాయి. 1926లో జేమ్స్ సమ్నర్ మొట్టమొదటగా స్ఫటికరూపంలో వేరుచేసిన ఎంజైము ఇదే. అందుకు ఆయనకు 1946లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వేడి, తేమ ఎక్కువైతే ఈ చర్య వేగం పుంజుకుంటుంది. అమ్మోనియా కళ్ళలోని, శ్వాసనాళంలోని తడిలో కరిగి క్షారంగా మారి మంట పుట్టిస్తుంది. దాని పక్కనే రోజంతా పడుకునే జంతువుకు అది జబ్బు తెస్తుంది.

మన ముక్కు వాసనకు త్వరగా అలవాటు పడిపోతుంది. అందుకని పాఠశాల ప్రయోగశాల నుంచి ఎర్ర లిట్మస్ కాగితం ఒకటి అడిగి తెచ్చుకోండి. దానిని తడిపి, జంతువుకు అందకుండా జాలీకి లోపలి వైపున పావుగంట వేలాడదీయండి. నీలిరంగుకు తిరిగితే అమ్మోనియా ఉన్నట్టే. హామ్‌స్టర్ సాధారణంగా ఒక మూలనే మూత్రం పోస్తుంది. ఆ మూలలోని తడి కాగితాన్ని తీసి కొత్తది వేస్తే చాలు. పరుపంతా ఒకేసారి మార్చవద్దు. తన వాసన పోతే అది బెదిరిపోతుంది.

అసలు పరీక్ష: మన వేసవి

హామ్‌స్టర్‌కు హాయిగా ఉండే ఉష్ణోగ్రత 18 నుంచి 26 డిగ్రీల సెల్సియస్. 30 దాటితే ప్రమాదం. దానికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. కుక్కలా వగర్చి చల్లబడనూ లేదు. పైగా చిన్న శరీరం. 10 సెం.మీ. భుజమున్న ఘనానికి ఉపరితల వైశాల్యం 600, ఘనపరిమాణం 1,000. అదే 1 సెం.మీ. ఘనానికి ఉపరితలం 6, ఘనపరిమాణం 1. చిన్నదానికి ఒంటితో పోలిస్తే చర్మం ఎక్కువ. అందువల్ల బయటి వేడి దానిలోకి త్వరగా చొరబడుతుంది.

‘బొరియ ఉందిగా, అందులో చల్లగా ఉంటుంది’ అనుకోవచ్చు. అడవిలో నిజమే. మట్టి వేడిని నెమ్మదిగా పోనిస్తుంది కనుక కొంత లోతున నేల ఉష్ణోగ్రత ఏడాది సగటుకు దగ్గరగా నిలుస్తుంది. మంగోలియా మైదానాలలో ఆ సగటు సున్నా దరిదాపుల్లో ఉంటుంది. కాని తొట్టిలోని 25 సెం.మీ. కాగితం కింద భూమి లేదు. గాజు, బల్ల, ఆ కింద గదిలోని వేడి గాలి ఉన్నాయి. ఆ కాగితం వేడిని కొన్ని గంటలు ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. తొట్టి చల్లదనం గది చల్లదనాన్ని మించదు. ఎండ పడితే సంగతి మరీ ఘోరం. వెలుగు గాజులోంచి లోపలికి పోయి వేడిగా మారుతుంది. వేడెక్కిన గాలి నాలుగు గోడల మధ్య చిక్కుకుంటుంది. కిటికీ పక్కన తొట్టి ఎన్నడూ పెట్టకూడదు.

పంకా వేస్తే చాలదా? పంకా గాలిని చల్లబరచదు. మన చెమటను త్వరగా ఆవిరి చేసి మనను చల్లబరుస్తుంది. చెమట లేని జంతువుకు ఆ లాభం లేదు. హామ్‌స్టర్ శరీర ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. గదిలో గాలి 41 డిగ్రీలుంటే పంకా దాని ఒంట్లోకి వేడిని ఇంకా ఎక్కించుతుంది!

ఖమ్మంలో గ్రానైట్ కోసే చోట్ల 15 సెం.మీ. చదరపు ముక్కలు వృథాగా పడి ఉంటాయి. 2 సెం.మీ. మందమున్న ముక్క బరువు సుమారు 1.2 కిలోలు. కింద అట్టముక్క వేసి తొట్టి అడుగున ఉంచితే హామ్‌స్టర్ దాని మీద పడుకుని పొట్టలోని వేడిని రాతికి ఇస్తుంది. ఆ రాయి 5 డిగ్రీలు వేడెక్కడానికి తీసుకునే ఉష్ణం దాదాపు 4,800 జౌళ్ళు. రెండు గ్రాముల నీరు ఆవిరి కావడానికీ అంతే ఉష్ణం కావాలి! బాష్పీభవనపు గుప్తోష్ణం ఎంత గొప్పదో చూశారా? కుండలో నీరు చల్లబడేదీ, వట్టివేళ్ళ తడకల కూలర్ గదిని చల్లబరచేదీ దీనివల్లనే. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలలలో ఇవి బాగా పనిచేస్తాయి. తడి వస్తువులను తొట్టి బయటే ఉంచాలి. లోపల తేమ చేరితే అమ్మోనియా, బూజు పెరుగుతాయి. గడ్డకట్టిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి గాజుకు బయటివైపున ఆనించడం కరెంటు పోయినప్పుడు పనికివచ్చే ఉపాయం. ఇది గంటా రెండు గంటలు ఆదుకుంటుంది, రోజంతా కాదు.

జంతువు చాపలా పరుచుకుని పడుకున్నా, గడ్డం చొంగతో తడిసినా, తూలుతున్నా వడదెబ్బ తగిలినట్టే. వెంటనే చల్లని గదికి మార్చి, నీళ్ళు అందేలా పెట్టి, పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. చల్లటి నీళ్ళలో ముంచకూడదు.

పదిహేను రోజుల పట్టిక

ఏప్రిల్ చివర గానీ మేలో గానీ, తొట్టిని పైన చెప్పినట్టు పూర్తిగా అమర్చండి. జంతువు మాత్రం ఉండదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, ఎండ తగలని గోడ వారగా ఉంచండి. రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకటి కాగితంలో 15 సెం.మీ. లోతున, ఒకటి గదిలో తొట్టి పక్కన. రోజూ ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 9 గంటలకు రెండింటినీ చూసి రాయండి. కరెంటు పోయిన వేళలు కూడా రాయండి. పదిహేను రోజుల తరువాత గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీయండి. లోపలి గీత బయటి గీత వెనుక నడుస్తూ, ఎత్తుపల్లాలు తక్కువగా కనిపిస్తుంది. అది ఎంత ఎత్తుకు చేరిందన్నదే మీ జవాబు.

కాగితంలోని థర్మామీటరు ఒక్కరోజైనా 30 డిగ్రీలు దాటితే ఆ ఇంట్లో హామ్‌స్టర్‌ను పెంచకూడదు. చలికాలంలో కొని తెచ్చుకుంటే సరిపోదా అంటే సరిపోదు. రెండేళ్ళు బ్రతికే జంతువు రెండు వేసవులు చూడవలసిందే. కూలర్‌తోనో ఏసీతోనో గది 28 లోపు నిలుస్తూ, కరెంటు పోయినా గడిచే ఏర్పాటు ఉంటే అప్పుడు ఇంట్లో పెద్దలతో కూర్చుని ఆలోచించండి. దగ్గరలో చిన్న జంతువులను చూసే పశువైద్యుడెవరో ముందే కనుక్కోండి.

జవాబు ‘వద్దు’ అని వచ్చినా తొట్టి వృథా కాదు. అడుగున గులకరాళ్ళు, పైన మట్టి వేసి, నూతి గట్టు నుంచి తెచ్చిన నాచు, పెరటిలోని చిన్న మొక్కలు నాటితే తడి ఎలా ఆవిరై, గాజు మీద చెమ్మగా మారి, మళ్ళీ మట్టిలోకి దిగుతుందో రోజూ చూడవచ్చు. మీరు అలవాటు చేసుకున్న పట్టిక దానికీ పనికివస్తుంది.

ఖాళీ తొట్టి ఉంది కదా అని కిన్నెరసాని వైపు అడవి నుంచి ఉడుతపిల్లనో, అడవి ఎలుకనో పట్టి తేవడం మాత్రం చేయవద్దు. వన్యప్రాణులను పట్టి బంధించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డుకుంటుంది. అడవి ఎలుకల మూత్రం ద్వారా మనుషులకు లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు కూడా వస్తాయి. అలాగే పెంచలేకపోయిన హామ్‌స్టర్‌ను అడవిలో వదలడం దయ అనిపించుకోదు. మన ఎండా, మన గుడ్లగూబా దానికి తెలియవు. పెంచగలిగిన ఇల్లు వెదికి అప్పగించాలి.

ఆలోచించి జవాబు రాయండి

1. 45 సెం.మీ. ఎత్తు తొట్టిలో నీటిని సగం మాత్రమే నింపితే గోడ మీద పడే మొత్తం బలం సగమవుతుందా, నాలుగో వంతవుతుందా? ఎందుకు?

2. మే నెలలో బాగా పనిచేసిన కూలర్ ఆగస్టులో ఎందుకు పనిచేయదు?

3. లిట్మస్ లేనప్పుడు పసుపు రాసి ఆరబెట్టిన కాగితంతో అమ్మోనియాను గుర్తించవచ్చునా? మీ ప్రయోగశాలలో మాస్టారి సమక్షంలో చేసి చూడండి.

4. మీ గ్రాఫులో గది అత్యధిక ఉష్ణోగ్రతకు చేరిన వేళకూ, కాగితం లోపల అత్యధిక ఉష్ణోగ్రతకు చేరిన వేళకూ ఎంత తేడా ఉంది? కాగితపు మందం రెట్టింపు చేస్తే ఆ తేడా పెరుగుతుందా, తగ్గుతుందా?